ప్రింటరు మరిచిపోని ఇల్లు

పాత సామాను కొనేటప్పుడు సెకండ్‌హ్యాండ్ అన్న చూసేది ఒక్కటే: వస్తువులో ఇంకా ప్రాణం ఎంత ఉంది. రంగు పోయిందా, మూత విరిగిందా అన్నవి బేరంలో నసగడానికి పనికొచ్చే మాటలు. లోపల మోటారు తిరుగుతోందంటే సరుకు సరుకే. మూతబడిన ఆఫీసుల కుర్చీలు, బీరువాలు, మెషీన్లు గోడౌన్లో పేర్చి అమ్ముకునే మనిషి కాబట్టి బజారంతా అతన్ని ఆ పేరుతోనే పిలిచేది. అసలు పేరు పెళ్ళానికి కూడా ఎప్పుడో గాని గుర్తొచ్చేది కాదు.

ఆ రోజు అతను వేసుకున్న లెక్కలో మాత్రం సరుకు లేదు. చెల్లెలు చిట్టి రేపు పొద్దున కోర్టు మెట్లెక్కాలి. అప్పటిదాకా మొగుడి కంట పడకూడదు. అంతే లెక్క. తప్పితే ఏమవుతుందన్న దగ్గరికొచ్చేసరికి అతని బుర్ర ఆగిపోయేది.

చిట్టి మొగుడు మందుల కంపెనీ తరఫున డాక్టర్ల చుట్టూ తిరిగే మనిషి. నల్లసంచీ, ఇస్త్రీ చొక్కా, తేనె పూసిన మాట. తలుపు వేసుకున్నాక ఆ చేతులు ఏం చేసేవో చిట్టి చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. ఆమె ఇల్లు వదిలి వచ్చేసిన మర్నాడే అతను బావమరిది ఇంటికొచ్చాడు. టీ తాగాడు, నవ్వుతూ మాట్లాడాడు, వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర విడిచిన చెప్పులన్నీ జత జతగా చూశాడు.

"ఎంతకాలం దాక్కుంటుంది లెండి బావగారూ. ఊళ్ళో ఏ వీధి చూసినా నా రూట్లోదే" అన్నాడు.

చిట్టి అప్పుడు వంటింట్లో తలుపు వెనక నిలబడి ఉంది. ఆమె చెప్పులు వదిన ముందే తీసి బియ్యం డబ్బా వెనక పడేసింది కాబట్టి సరిపోయింది. అతను వెళ్ళాక అన్న చెల్లెల్ని పిన్ని దగ్గరికి మార్చేశాడు. పిన్ని అంటే వాళ్ళమ్మకి దూరపు చెల్లెలు. టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపి నడిపి మూసేసి, ఊరికి ఆ చివర ఒక మేడమీద వాటాలో ఒక్కతే ఉంటుంది. చిట్టి పెళ్ళికి కూడా రాలేదు కాబట్టి అలాంటి పిన్ని ఒకావిడ ఉన్నట్టే ఆ బావగారికి తెలీదు. సరుకు దాచడానికి అంతకంటే మంచి చోటు లేదనుకున్నాడు అన్న.

లాయరమ్మ ఫోన్లో చెప్పింది: ఫిర్యాదు, మెసేజీలు, ఫొటోలు, అన్నీ మూడు సెట్లు కాగితాల మీద కావాలి. తను పొరుగూళ్ళో ఉంది, పొద్దున్నే నేరుగా కోర్టుకే వస్తుంది.

"వీధి మొదట్లో ప్రింట్లు తీసే షాపుంది కదే" అంది పిన్ని.

చిట్టి తల అడ్డంగా ఊపింది. "ఆ ఫొటోలు ఎవరో తెలియనివాళ్ళు తెర మీద పెద్దవి చేసి చూస్తారు పిన్నీ. పక్కన నేను నిలబడాలి. నావల్ల కాదు."

"షాపెందుకు?" అన్నాడు అన్న. "గోడౌన్లో ప్రింటరుంది. బంగారంలాంటి ముక్క."

మధ్యాహ్నం దాటాక దాన్ని దుప్పట్లో చుట్టి, చుట్టూ తిరిగి, వెనక సందులో వ్యాను ఆపి, మెట్ల మీదుగా మోసుకొచ్చాడు. దుప్పటి తియ్యగానే చిట్టి ఒక అడుగు వెనక్కి వేసింది. అది ఆమె ఇంట్లో ఉన్నదే. మొగుడు కొత్తది కొనుక్కుని, పాతది ఎవరికన్నా అంటగట్టమని బావమరిది గోడౌన్లో పడేయించాడు.

"దీన్నెందుకు తెచ్చావన్నయ్యా?"

"వస్తువుకేం తెలుసే, ఎవరింట్లో ఉందో. తిప్పితే తిరుగుతుంది."

తిరగడం తిరిగింది గానీ మాట వినలేదు. దాని బొటనవేలంత తెర చచ్చిపోయి ఉంది. కేబుల్ పెట్టే కన్నం లోపల పిన్నులు విరిగి ఉన్నాయి. ఇక వైఫై ఒక్కటే దారి. పిన్ని ఇంటి వైఫై పేరేమిటో, పాస్‌వర్డ్ ఏమిటో దానికి చెప్పాలి. చెప్పాలంటే తెర కావాలి. అన్న దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, వెనక బొత్తాం నొక్కి, ముందు బొత్తాం నొక్కి, చొక్కా తడిసిపోయేదాకా తంటాలు పడ్డాడు.

"నోరుంది గానీ చెవుల్లేవు దీనికి" అంది పిన్ని. "మా ఇన్‌స్టిట్యూట్లో ఇలాంటి మేనేజరు ఒకడుండేవాడు. వాణ్ణి మార్చలేక మేమే మారాం."

ఒక బొత్తాం గట్టిగా నొక్కి పట్టుకుంటే అది మూలిగి ఒక కాగితం ఉమ్మింది. తన వివరాలన్నీ తనే అచ్చేసుకుంది: ఎంత ఇంకు ఉంది, ఎన్ని కాగితాలు తీసింది, ఏ వైఫై కోసం ఎదురుచూస్తోంది. చిట్టి ఆ కాగితం చదివి కిందపెట్టింది.

"'మా గూడు' అని మా ఇంటి వైఫై పేరు. ఆయన పెట్టిందే. ఇది ఇంకా దాన్నే వెతుక్కుంటోంది."

"పాస్‌వర్డ్ గుర్తుందా?"

"నా పుట్టినరోజు. వచ్చినవాళ్ళందరికీ చెప్పి, చూశారా నా ప్రేమ అనేవారు."

అన్న కళ్ళు మెరిశాయి. బేరం తన వైపు తిరిగినప్పుడు మెరిసే మెరుపు అది. బజారులో అతనికొక పద్ధతి ఉంది. మూతబడిన షాపు ఏదన్నా సరుకుతో సహా తీసుకుంటే దాని బోర్డు మార్చడు. అదే పేరు, అదే రంగు ఉంచేస్తాడు. పాత గిరాకీలు అలవాటుగా లోపలికి నడిచొస్తారు. లోపల యజమాని మారాడని వాళ్ళకి తెలిసేసరికి సగం బేరం అయిపోయి ఉంటుంది.

"దీనికి కొత్తింటి పేరు చెప్పలేం. ఇంటికే పాత పేరు పెట్టేద్దాం" అన్నాడు. "పిన్నీ, నీ వైఫై బాక్సు పేరు 'మా గూడు'. పాస్‌వర్డ్ చిట్టి పుట్టినరోజు. ఒక్క అక్షరం తేడా రాకూడదు."

ఫోన్లోంచే బాక్సు సెట్టింగుల్లోకి వెళ్ళి పేరు మార్చాడు. కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత ప్రింటరు పక్కన చిన్న నీలం దీపం మిణుకు మిణుకుమని, నిలబడిపోయింది. సొంతింటికి చేరినట్టు.

"అమ్మ దొంగా" అంది పిన్ని. "ఇల్లే మార్చేశావురా."

చిట్టి ల్యాప్‌టాప్‌లోంచి మొదటి సెట్టు పంపింది. కాగితాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తున్నాయి. పిన్ని వాటిని మోకాలి మీద తట్టి అంచులు సమం చేసి, బోర్లా పెడుతోంది. ఫొటోలున్న పేజీలు వచ్చినప్పుడు ముగ్గురూ గోడ వైపు చూశారు. రెండో సెట్టు కూడా అయింది. మూడోది చివరి పేజీ దాకా వచ్చింది. అన్న గుండెల మీద బరువు కొంచెం దిగింది. టీ పెట్టమందామని నోరు తెరిచాడు.

అప్పుడు చిట్టి సంచీలోంచి టింగుమని చప్పుడైంది.

ఆమె పాత ఫోను అది. సిమ్ తీసేసి పాటలు వినడానికి ఉంచుకుంది. తీసి చూసింది.

"నేనేం చెయ్యలేదన్నయ్యా. దీన్ని పిన్ని వైఫైకి ఎప్పుడూ కలపలేదు. దానంతటదే కలిసింది."

"మంచిదేగా. పేరు గుర్తుపట్టింది. ప్రింటరు గుర్తుపట్టలా?"

చిట్టి ఫోను వైపు, ప్రింటరు వైపు, కిటికీ వైపు చూసింది. తర్వాత పక్కగదిలో ఎవరో నిద్రపోతున్నట్టు గొంతు బాగా తగ్గించి అంది:

"ఆయన ఫోను కూడా గుర్తుపడుతుంది."

బోర్డు పాతదైతే పాత గిరాకీలందరూ వస్తారు. ఆ సంగతి బజారులో అందరికంటే బాగా తెలిసినవాడికి ఇక్కడ తట్టలేదు. అన్న పైకి మాత్రం, "ఊరికి ఆ చివర ఉన్న మనిషి. ఇక్కడికొస్తే కదా" అన్నాడు. అంటూనే ఫోన్లో ఆ బాక్సుకి ఎవరెవరు కలిశారో చూపించే చోటు తెరిచాడు. ప్రింటరు, ల్యాప్‌టాప్, తన ఫోను, చిట్టి పాత ఫోను. వాటి కింద ఇంకొక పేరు ఉంది.

"ఈ 'నేనే' ఎవరు?"

చిట్టి వంగి ఆ పేరు చూసింది. "తలుపు కొట్టినప్పుడు ఎవరంటే అలాగే అంటారు. ఫోనుకి కూడా ఆ పేరే పెట్టుకున్నారు."

పిన్ని చేతిలో కాగితాలు జారి ఒళ్ళో పడ్డాయి. అన్న ఒక్క అంగలో వెళ్ళి, ప్రింటరూ వైఫై బాక్సూ తగిలించిన ఎక్స్‌టెన్షన్ బోర్డు గోడలోంచి లాగేశాడు. ప్రింటరు సగం మింగిన కాగితంతో కుయ్యిమని ఆగిపోయింది.

కర్టెను అంచు వేలితో జరిపి చూశాడు. వీధికి అవతలి పక్క ఒక పిల్లల డాక్టరు క్లినిక్కుంది. సాయంత్రం పూట తీస్తారు. దాని ముందు హ్యాండిల్ మీద ఫోను స్టాండు ఉన్న బైకు. మెట్ల మీద నల్లసంచీ పట్టుకుని అతను నిలబడి ఉన్నాడు. ఏ డాక్టరు కోసం వచ్చాడో, తన రూటు ప్రకారమే వచ్చాడో, ఎవరికి తెలుసు. చేతిలో ఫోను చూసుకుంటున్నాడు. మెల్లగా తలెత్తి, ఒక్కొక్క మేడనీ కింద నుంచి పై దాకా చూడటం మొదలుపెట్టాడు. చెప్పుల జతలు చూసినట్టే చూస్తున్నాడు.

"సిగ్నల్ పోయిందనుకుని వెళ్ళిపోతాడేమో" అంది పిన్ని.

"వెళ్ళరు" అంది చిట్టి. గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయింది. "వాచ్‌మన్‌తో మంచిగా మాట్లాడతారు. నా భార్యకి ఆరోగ్యం బాగాలేదు, చెప్పకుండా వచ్చేసింది, చూశారా అంటారు. అందరూ చెప్పేస్తారు. పాపం అని చెప్పేస్తారు."

అది నిజమేనని అన్నకి తెలుసు. తనే నమ్మాడు ఒకప్పుడు. బుర్ర మాత్రం తన అలవాటు కొద్దీ లెక్క వేస్తూనే ఉంది. గిరాకీ గుమ్మంలోకి వచ్చేశాడు. వెళ్ళగొడితే అనుమానం. చూపించిన సరుకు దాచేస్తే ఇంకా అనుమానం. అలాంటప్పుడు వ్యాపారి చేసే పని ఒక్కటే. సరుకు ఇక్కడ లేదు, పక్క కొట్లో ఉంది రమ్మని వెంట తీసుకుపోతాడు.

"పిన్నీ, ట్యాక్సీ పిలువు. వెనక సందులోకి కాదు, ఆ పక్క రోడ్డు మీదికి. నేను వెళ్ళిన కాసేపటికి దిగండి. కోర్టు ఎదురుగా లాడ్జిలో నీ పేరు మీద గది తీసుకో. చిట్టీ, కాగితాలు సర్దు."

"నువ్వు?"

"నేను ప్రింటరు అమ్ముకోవాలి."

గిరాకీకి మెషీన్లు తిప్పి చూపించడానికి అతని వ్యానులో బ్యాటరీ, ఇన్వర్టరు ఎప్పుడూ ఉంటాయి. వైఫై బాక్సు చంకలో, ప్రింటరు భుజం మీద పెట్టుకుని వెనక మెట్లు దిగాడు. రెండూ పక్క సీట్లో పెట్టి తగిలించాడు. బాక్సు దీపాలు వెలిగాయి. ఫోన్లో చూస్తూ కూర్చున్నాడు. ఏమీ లేదు. ఏమీ లేదు. ఆ తర్వాత ఎవరో తలుపు కొట్టినట్టు ఆ పేరు వచ్చి కూర్చుంది.

నేనే.

వ్యాను మెల్లగా కదిలించాడు. సందు దాటి వీధిలోకి తిరిగి, క్లినిక్కు ముందు నుంచే పోనిచ్చాడు. తలతిప్పి చూడలేదు. చూస్తే స్టీరింగు చేతుల్లో నిలవదనిపించింది. మలుపులో అద్దంలో బైకు కనపడింది. తొందర లేకుండా వస్తోంది. అన్న వేగం పెంచితే పెంచుతోంది, తగ్గిస్తే తగ్గిస్తోంది. ఎన్నోసార్లు గిరాకీని ఇలా వెంట తిప్పుకున్నాడు గానీ, తిప్పుకునేవాడికి వీపంతా ఇలా చెమట పట్టడం ఎరగడు. సిగ్నలు దగ్గర బైకు వ్యాను పక్కదాకా వచ్చి ఆగింది. బావగారు వ్యాను లోపలికి చూడలేదు. ఇద్దరూ ఎర్రదీపాన్నే చూస్తూ కూర్చున్నారు.

పోలీసు స్టేషను ముందు, దీపాల కింద, అన్న బండి ఆపాడు. కిటికీ మీద వేళ్ళతో కొట్టిన చప్పుడైంది.

"బావగారూ, మీరా? నా ఫోను ఇక్కడే నా ఇల్లుందంటోంది."

"ఏం చెప్పమంటారు బావగారూ" అన్నాడు అన్న. గొంతు మామూలుగా రావడం చూసి తనకే ఆశ్చర్యమేసింది. "మీరిచ్చిన ప్రింటరే. మీ ఇంటి పేరు తప్ప ఇంకేదీ ఒప్పుకోదు. గిరాకీకి తిప్పి చూపించాలంటే బాక్సుకి ఆ పేరే పెట్టాల్సొచ్చింది. ఇందాక ఆ వీధిలో ఒకాయనకి చూపించా. తీసుకోలేదు."

అబద్ధం ఒక్కటే ఉంది అందులో. మిగతాదంతా నిజమే కావడంతో బాగా అతికింది. బావగారి కనుబొమలు సడలాయి. నవ్వాడు.

"పనిచేస్తోందా ఇంకా?"

"చెయ్యకేం."

"ఏదీ, నేనే ఒకటి కొడతాను." బైకు మీదినుంచి ఫోను తీసుకున్నాడు. "నా ఫోన్లో ఇంకా ఉందిగా ఇది."

అప్పుడు గుర్తొచ్చింది అన్నకి. బోర్డు లాగేసినప్పుడు ప్రింటరు సగం మింగిన కాగితం. అది లోపలే ఉంది. ఇప్పుడు అతను ఏది పంపినా ముందు బయటికొచ్చేది అదే. వద్దనడానికి సాకు వెతికాడు. బ్యాటరీ అందామా, ఇంకు అందామా. జీవితమంతా సాకులు అమ్మిన నోటికి ఒక్కటి దొరకలేదు. అప్పటికే ప్రింటరు మూలగడం మొదలుపెట్టింది.

కాగితం నెమ్మదిగా, తలకిందులుగా వచ్చి ట్రేలో వాలింది. సగం అచ్చయి ఆగిపోయిన ఫొటో. గడ్డం కింది భాగం, మెడ, మెడ మీద ఒక్కొక్క వేలూ లెక్కపెట్టుకోగలిగేంత స్పష్టంగా నీలం మచ్చలు. దాని కింద తెల్ల కాగితం.

అతను కిటికీలోంచి వంగి దాన్ని చూశాడు. సిగ్గుపడతాడేమో, తల దించుకుంటాడేమో అని అన్న ఆ క్షణంలో కూడా ఎక్కడో ఆశపడ్డాడు. ఆ మొహంలో కనపడింది తను రోజూ అద్దంలో చూసుకునే మొహమే. లెక్క కుదిరిన మొహం.

"అయితే ఆ వీధిలోనే ఉంది" అన్నాడు మెత్తగా.

అన్న కిటికీలోంచి చెయ్యి చాపి అతని మణికట్టు పట్టుకున్నాడు. "ఇంతదూరం వచ్చారుగా బావగారూ. లోపల ఎస్సైగారున్నారు. ఈ ఫొటో ఆయనకి కూడా చూపించి వెళ్దాం రండి."

గుమ్మం దగ్గర నిలబడ్డ కానిస్టేబులు ఇటు చూశాడు. బావగారు అతనివైపు చూసి చక్కగా నవ్వి, బావమరిది వేళ్ళు ఒక్కొక్కటే విప్పుకుని, బైకెక్కి వచ్చినదారినే వెళ్ళిపోయాడు. ఈసారి తొందరగా వెళ్ళాడు.

అన్న ఫోను చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. ట్యాక్సీ రాలేదేమో, మెట్లమీదే ఉన్నారేమో, చిట్టి ఏదో మరిచిపోయి వెనక్కి వెళ్ళిందేమో. మూడోసారి పిన్ని ఎత్తింది.

"ఏమిట్రా, ఫోను సంచీ అడుగున ఉంది. నది వంతెన దాటుతున్నాం. నీ చెల్లెలు నా చెయ్యి నలిపేస్తోంది, టైపు కొట్టిన చెయ్యి కాబట్టి తట్టుకుంది."

అన్న స్టీరింగు మీద తల ఆనించాడు. వైఫై బాక్సు వైరు లాగేసి, దాన్ని దుప్పట్లో చుట్టి, సీటు కింద కుక్కేశాడు.

లాడ్జి గదిలో చిట్టి మంచం మీద సెట్లు పరిచి చూసుకుంది. రెండు నిండుగా ఉన్నాయి. మూడోదాంట్లో ఒక పేజీ లేదు. అన్న జేబులోంచి మడిచిన కాగితం తీసి ఇచ్చాడు.

"ఆయన చూశారా?"

"చూశాడు."

"ఏమన్నారు?"

అన్న వంగి మిగతా సెట్ల అంచులు సమం చేశాడు. చిట్టి ఆ సగం ఫొటోని చాలాసేపు చూసి మళ్ళీ మడిచింది. తలుపు గడియ సరిగ్గా పడిందో లేదో పిన్ని మళ్ళీ లేచి వెళ్ళి చూసొచ్చింది.

పొద్దున కోర్టు పక్క ప్రింటు షాపు తీసేసరికే జనం ఉన్నారు. నల్లకోట్లవాళ్ళు, కాగితాల కట్టలవాళ్ళు. రోడ్డుకి అటువైపు, ఫోను స్టాండు ఉన్న బైకు ఆగి ఉంది. కోర్టు నోటీసు అతనికీ వచ్చింది కాబట్టి అతనికీ ఈ రోజు ఇక్కడే పని. అన్న చెల్లెలికీ రోడ్డుకీ మధ్య అడ్డంగా నిలబడ్డాడు. ఎంత నిలబడ్డా తను సన్నటి మనిషేనని మొదటిసారి బాధేసింది.

షాపతను ఫొటో తెర మీద తెరిచాడు. వెనక మాటలు ఆగిపోయాయి. అతను గబగబా దాన్ని చిన్నది చేసి, "ఈ సైజులో ప్రింటు తీద్దామా అమ్మా?" అన్నాడు తల వంచుకుని.

చిట్టి బల్ల అంచు పట్టుకుంది.

"వద్దు. ఇంకొంచెం పెద్దది చెయ్యండి" అంది. "వేళ్ళు స్పష్టంగా కనపడాలి."